నల్లమంద కేక

కాంట్రాక్టరు మనుషులు విత్తులు చిదిమే పట్టకారు నొక్కారు. కాళ్లు కట్టేసిన నల్ల పొట్టేలు ఒక్కసారి అరిచి ఊరుకుంది. ఇక దానికి సంతు లేదు.

ఆ పొట్టేలు మొండక్క తమ్ముడిదే. తమ్ముడు నేలచూపులు చూస్తున్నాడు. మిగతా కాపరులూ అంతే.

“బీడు నాది. నా తెల్ల పొట్టేళ్లతో చూలు కట్టించిన మందలే ఇందులో మేయాలి,” అన్నాడు కాంట్రాక్టరు. “మాంసం రెట్టింపు. మీ మంచికే!”

“పోయిన కరువులో నీ తెల్లవి నీళ్లకి మొహం వాచి చచ్చాయి,” అంది మొండక్క. “మా నల్లవి ఎండుపుల్లలు నమిలి బతికాయి. వాటి సంతు తెగితే ప్రతి పొట్టేలుకీ నీ గుమ్మమే తొక్కాలి. అదీ నీ మంచి!”

“ఊరుకోవే అక్కా,” గొణిగాడు తమ్ముడు. “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.”

మొండక్క ఇంటికి మనుషులు రావడం మానేసి చాలాకాలమైంది. వెనకగదిలో దాచిన నల్ల పొట్టేలుతోనే ఆమె మాటలు, పోట్లాటలు. దానికి తోడుగా ఆ గడ్డిలోనే పడుకునేది. ఈ నేల మీద మిగిలిన చివరి నల్ల పోతు అదేనని ఆమె నమ్మకం.

వాసన పసిగట్టిన కాంట్రాక్టరు మనుషులు ఆ గది తలుపు పగలగొట్టారు. పొట్టేల్ని కొమ్ములు పట్టి వీధిలోకి ఈడ్చారు. పట్టకారు తెరుచుకుంది.

మొండక్క కేక వేసింది. “హూర్ర్ర్... హో!”

తోడేలు పడినప్పుడు మందని కూడగట్టే పాత కేక అది. తెల్లవాటికి కాంట్రాక్టరు ఈల తప్ప ఏమీ తెలియదు కాబట్టి, ఆ కేక వేసే పని లేకుండా పోయింది.

పొట్టేలు విదిలించుకుంది. అదే క్షణంలో తమ్ముడి ఇంట్లోంచి “బే” అని వినిపించింది.

వీధంతా అటు తిరిగింది.

“ఒరేయ్, నీ దగ్గర ఇంకోటుందా?” అంది మొండక్క.

“చూపించడానికొకటి, దాచడానికొకటి,” అన్నాడు తమ్ముడు. “నేనొక్కణ్నే అనుకున్నానే అక్కా!”

పక్కింటి అటక మీంచి మరో అరుపు. ఎదురింటి వంటగదిలోంచి ఇంకొకటి. ఎవరికి వారు తామే చివరివాళ్లమనుకుని, పక్కింటివాడికి భయపడి తలుపులేసుకున్నవాళ్లే అంతా!

“దొంగలు!” కాంట్రాక్టరు ఫోను తీశాడు. “దీన్ని తీసుకుపోతే మిగతావాళ్లు దారికొస్తారు.”

పోలీసు వ్యాను వచ్చింది. మొండక్కని ఒక్కదాన్నే ఎక్కించారు. కమ్మీల వెనక కూర్చుంది. ఆమెకి ఒంటరితనం కొత్త కాదు. వ్యాను కదిలింది.

“హూర్... హో!” వెనకనుంచి తమ్ముడి గొంతు.

“వెధవ కేకెయ్యడం కూడా మర్చిపోయాడు,” అని తిట్టుకుంది.

మరో గొంతు కలిసింది. తర్వాత వీధి మొత్తం కలిసింది. ఇంటింటి తలుపూ తెరుచుకుంది. పోతులు పరుగెత్తుకొచ్చి వ్యాను ముందు గుమిగూడాయి. వాటి మధ్యలో చేతికర్రలతో మనుషులు నిలబడ్డారు.

డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

నల్లమందకి హారను తెలియదు. కేకే తెలుసు.