పడవ మీద పులి ధింసా

కూతురు మాధవి కట్టుకోబోయే చీర అంచు ఇంకో జానెడు పైకి మడిచి కుట్టమని చెప్పి, సోంబరు డప్పు కాచుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. జమున గడప మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. చీర తనదే, కొత్త కోడలిగా వచ్చినప్పుడు కట్టుకుని ఆడినది. ధింసా ఆటకి చీర ఎప్పుడూ పిక్కల పైకే కడతారు. కొండెక్కే మనిషికి, బురదలో నాట్లు వేసే మనిషికి అదే సదుపాయం. ఆ సదుపాయం చూసేవాళ్ళకు సరదా అయ్యాక, ఎంత పైకి కట్టాలన్నది కూడా చూసేవాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి చెప్పినవాడు సాయికుమార్. విశాఖపట్నంలో సాయంత్రం పూట కొద్దిమందిని చిన్న పడవలో ఎక్కించుకుని, తీరం వెంట తిప్పి, సూర్యాస్తమయం చూపించి తీసుకొస్తాడు. ఒట్టి అస్తమయానికి జనం రావడం లేదట, అందుకని పడవ మీద అరకు ధింసా పెడుతున్నాడు. "మీ గుంట కూడా ఉంటే బాగుంటుంది. పెద్దవాళ్ళనే ఎంతసేపని చూస్తారు?" అన్నాడట. ఆ పెద్దవాళ్ళలో తన పెళ్ళాం కూడా ఉందన్న సంగతి సోంబరుకి తట్టినట్టు లేదు. మాటను మాటగానే ఇంటికి మోసుకొచ్చాడు.

మాధవి తొమ్మిదో తరగతి. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటుంది, సెలవులకు వచ్చింది. ఈ ఒక్క సాయంత్రం పడవవాళ్ళకు నచ్చితే సీజను పోయేదాకా రోజూ ఆడాలి. అంటే సెలవులయ్యాక హాస్టలుకు వెళ్ళడం ఉండదు. సోంబరు ఆ ముక్క చాలా తేలిగ్గా చెప్పాడు.

"బడి ఎక్కడికి పోతాది? వచ్చే యేడు సదూకుంతాది."

వచ్చే యేడు సంగతి జమునకు బాగా తెలుసు. తనకూ ఏడో తరగతిలో వాళ్ళ నాన్న అదే చెప్పాడు. ఆ యేడు ఇంకా రాలేదు.

"నన్ను తీసుకెల్లు. దాన్ని ఒగ్గీ," అంది నిన్న.

"నువ్వుంతావు గదా పక్కన. ఏటయిపోతాది?" అన్నాడు సోంబరు.

"ఆడపిల్ల ఆడితే అరిగిపోతాదేటి," అంది అత్త రాజులమ్మ పొయ్యి దగ్గర్నుంచి. జమున ఇంక మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం ఆ ఇంట్లో తను నేర్చిన మొదటి పని, అన్ని పనులకన్నా బాగా వచ్చిన పని కూడా అదే. ఇప్పుడు అంచు మడిచింది, కుట్టింది. కుడుతున్నంతసేపూ తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

అసలు ఆ ఇంట్లో పని అంటే ఏమిటన్నది సోంబరు ఏనాడో తేల్చేశాడు. తెల్లారకముందే ఊట నీళ్ళు మోసుకురావడం, చోడి అంబలి కాయడం, మేకల్ని విప్పడం, ఎండెక్కేదాకా తోటలో వంగి వంగి కాఫీ పళ్ళు కోయడం, ఇవన్నీ ఇంట్లో జరిగిపోయేవి. వాటికి పేరు లేదు. సాయంత్రం తలకి నూనె రాసుకుని, పూలు పెట్టుకుని, టూరిస్టుల ముందు కాళ్ళు పీకేదాకా అడుగులు వేయడం ఆట. డప్పు కొట్టడం మాత్రం పని. ఇంటికొచ్చాక "సేతులు పడిపోనాయి, కాత్త నూనె రాయి" అంటూ మంచం మీద చేతులు చాపేవాడు. జమున పొయ్యి వెలిగించి, అన్నం ఉడుకుతుండగా వచ్చి ఆ చేతులకు నూనె రాసేది. ఒకసారి తన కాళ్ళు కూడా సలుపుతున్నాయని నోరు జారింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వాడింది ఆటే గదా. ఆటకి అలుపేటి?" అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే తిరిగి ఏదో ఒకటి అని ఉండేది. అతను నమ్మి అన్నాడు. నమ్మినవాడితో ఏం వాదించగలదు?

ఆ అలుపులన్నీ ఒక ఎత్తు, నడుము సంగతి ఒక ఎత్తు. ధింసాలో ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా అడుగు వేస్తారు. పక్కదాని చెయ్యి నీ నడుము మీద ఉందంటే నువ్వు పడిపోవని అర్థం. చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి ఊళ్ళో ఆడుకున్నన్నాళ్ళూ అంతే. తర్వాత రిసార్టులు వచ్చాయి, బస్సులు వచ్చాయి, చూసేవాళ్ళు వరసలోకి దూరడం వచ్చింది. మొదటిసారి ఒకాయన దూరినప్పుడు చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక మొహమాటపడుతుంటే, సోంబరే డప్పు ఆపి, నవ్వుతూ వచ్చి, ఆ చేతిని పట్టుకుని జమున నడుము మీద పెట్టాడు. "ఇక్కడ ఎయ్యాల సార్." అత్త సొమ్ము అల్లుడు దానం అంటే అదే. ఆ వేళ్ళు పెట్టినచోట ఉండలేదు. ఇంటికొచ్చాక చెబితే, "సెయ్యి ఎక్కడో ఓసోట ఎయ్యాల గదా, ఆటన్నాక" అన్నాడు. అమ్మకు చెప్పుకుందామనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. అప్పట్నుంచి ఆ చేతులు ఎన్ని వచ్చాయో, ప్రతిసారీ జమున ఆ నడుము తనది కాదనుకుని అడుగు వేసేది. ఆ అనుకోవడం అలవాటైపోయింది. మొగుడి పక్కన పడుకున్నప్పుడు కూడా అలాగే అనుకోవడం ఎప్పుడు మొదలైందో తెలియదు.

మధ్యాహ్నానికి జీపు అనంతగిరి ఘాట్ దిగుతోంది. ముందు సీట్లో సోంబరు, మోరీ ఊదేవాడు. వెనక ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు. యర్రమ్మ జట్టులో అందరికన్నా పెద్దది. వరసలో చిట్టచివర నిలబడి కాలి గజ్జెలతో లెక్క తప్పకుండా అడుగు పట్టి ఉంచేది ఆమే. వరసకు మొదట నిలబడేది జమున, చేతిలో నెమలీకల కట్టతో. మాధవికి అడుగులు చెబుతూ యర్రమ్మ అంది, "మీయమ్మ ఈకలు ఎటు తిప్పితే అటు అడుగు. ఈకల్ని సూసి డప్పు కొట్టాల, డప్పుని సూసి ఈకలు తిప్పడం కాదు. ఇప్పుడు తలకిందులైపోనాదనుకో."

"ఈకలు కిందికి దించితే?" అంది మాధవి.

"పులి వచ్చినాదని. అది పులి ధింసా. అడివిలో కట్టెలకెల్లిన ఆడోల్ల మీదకి పులొత్తే ఏటి సేత్తారు? సిన్నదాన్ని మద్దిలో ఎట్టి, సుట్టూ సుట్ట సుట్టుకుపోతారు, వీపులు బయటికెట్టి. పులెల్లిపోనాదని ముందున్న మనిషి ఈకలు పైకెత్తితేనే సుట్ట ఇప్పాల. అందాకా డప్పు ఆగినా ఆడోల్లు ఆగకూడదు."

"అది ఎప్పుడూ ఆడరేటి?"

"వీపులు ఎవులు సూత్తారే," ముందు సీట్లోంచి తల తిప్పకుండా అన్నాడు సోంబరు. "ఫోటోకి పనికిరాదు. నానే తీయించీసినాను."

పడవ తెల్లగా, శుభ్రంగా ఉంది. పైన కుర్చీలు, ఒక పక్క బల్ల మీద జ్యూసులు, పకోడీలు. అస్తమయం వేళకి పిలుస్తామని ఆడవాళ్ళను కింద ఇంజను పక్కన కూర్చోబెట్టారు. డీజిలు వాసనకి మాధవి వాంతి చేసుకుంది. జమున కొంగుతో మూతి తుడిచి, తలని ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కిన వాళ్ళందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగారు, నీళ్ళలో పడితే తేలడానికి. సోంబరుకీ, మోరీవాడికీ ఇచ్చారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సాయికుమార్ మొహమాటంగా నవ్వాడు.

"జాకెట్ వేస్తే చీరలు కనిపించవమ్మా. అట్రాక్షన్ అదే కదా. సముద్రం ప్రశాంతంగా ఉంది, భయమేం లేదు."

కొండ మీద పుట్టినవాళ్ళు, ఒక్కరికీ ఈత రాదు. జమున సోంబరు వంక చూసింది. అతను జాకెట్టు పట్టీలు బిగించుకుంటున్నాడు. ఎండలో ఆ రంగు అతనికి బాగా నప్పింది కూడా.

పైకి పిలిచేసరికి పొద్దు వాలుతోంది. విశాఖ సముద్రం తూర్పున ఉంది, అక్కడ పొద్దు మునగదు. కాబట్టి సూర్యాస్తమయం కోసం సముద్రం మీదికి వచ్చిన జనమంతా సముద్రానికి వీపు పెట్టి, ఊరి వెనకాల కొండల వైపు చూస్తున్నారు. జమునా చూసింది. ఆ నీలం కొండల వెనక, ఇంకా వెనక కొండల్లో ఎక్కడో తన ఇల్లు ఉంది. అత్త ఈపాటికి మేకల్ని తోలుకొచ్చి, నీళ్ళ కుండ ఖాళీగా ఉందని తిట్టుకుంటూ ఉంటుంది. ఇంత దూరం వచ్చినా కుండ నింపలేదన్న బెంగ తనతోపాటే పడవెక్కినందుకు జమునకు తన మీద తనకే జాలేసింది.

డప్పు మొదలైంది. పడవ ఊగుతుంటే అడుగు నిలవడం కష్టంగానే ఉంది, అయినా యర్రమ్మ గజ్జెలు పట్టి ఉంచాయి. మాధవిని సోంబరు వరస మధ్యలో, కుర్చీల వైపు నిలబెట్టాడు. జనం ఫోన్లు ఎత్తారు. కాసేపటికి "మీరూ రండి సార్, జాయినవ్వండి" అన్నాడు సాయికుమార్. కళ్ళజోడు పెట్టుకున్న ఒక నడివయసు మనిషి లేచాడు. చెడ్డవాడిలా లేడు. భార్య ఫోను పట్టుకుని నవ్వుతోంది. అతను వచ్చి మాధవి పక్కన నిలబడి, చిన్నపిల్ల అని కాబోలు, చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక ఆగాడు.

సోంబరు డప్పు ఆపాడు. నవ్వుతూ వచ్చాడు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూతురి నడుము మీద పెట్టాడు.

"ఇక్కడ ఎయ్యాల సార్."

అదే మాట, అదే నవ్వు. మళ్ళీ వెనక్కి వెళ్ళి డప్పు అందుకున్నాడు. వరస కదిలింది. మొహమాటం పోవడానికి ఆ మనిషికి ఎంతోసేపు పట్టలేదు. మాధవి అడుగు తప్పింది. తల తిప్పి అమ్మ వంక చూసింది. ఏడుపు లేదు ఆ మొహంలో, కోపం లేదు. ఈ నడుము నాది కాదు అనుకోవడం అప్పుడే మొదలుపెట్టిన మొహం. ఆ మొహం జమున అద్దంలో ఎన్నిసార్లు చూసుకుందో. ఇన్నేళ్ళూ తను నోరు మూసుకుని దాచుకున్నదంతా పిల్లకి చీరతోపాటు కుట్టి ఇచ్చేసిందని అప్పుడు తెలిసింది.

జమున నెమలీకల కట్ట కిందికి దించింది.

వరస తటపటాయించింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చూడని సైగ అది. పక్కనున్న ఆడది "ఏటిదే" అని గొణిగింది. సోంబరు డప్పు పాత దరువులోనే పోతోంది. చివర్నుంచి యర్రమ్మ గజ్జెలు ఒక్కసారి ఆగి, దరువు మార్చుకుని, బరువుగా మళ్ళీ పడ్డాయి. అంతే, మిగతా కాళ్ళకు గుర్తొచ్చింది. జమున వరసను ఈడ్చుకుంటూ తిరిగి వచ్చి కూతురికీ ఆ మనిషికీ మధ్య దూరింది. అటు చివర్నుంచి యర్రమ్మ చుట్టుకొచ్చింది. ఒకరి వెనక ఒకరు, ఒకరి నడుము ఒకరు పట్టుకుని, చుట్టలో చుట్టగా పిల్లని లోపలికి తీసుకున్నారు. కళ్ళజోడు మనిషి గాలిలో చేత్తో బయట మిగిలాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. కాసేపు వీడియోలు తీశారు. వీపులు తప్ప ఏమీ కనిపించకపోయేసరికి ఒక్కొక్కరే ఫోన్లు దించారు.

"ఏంటిది? ఇటు తిరగమనండి," అన్నాడు సాయికుమార్.

సోంబరు డప్పు ఆపేశాడు. ఆడవాళ్ళు ఆగలేదు. గజ్జెలు, పడవ చెక్కల మీద అరికాళ్ళు, నోట్లో సన్నటి పాట. పిలిచాడు, బతిమాలాడు, చివరికి తిట్టాడు. "ఓలె, నిన్నే. ఇంటికి రా, నీ సంగతి సెప్తాను." ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో జమునకు తెలుసు. ఆ చేతి బరువు ఆమెకు కొత్త కాదు. భయం వేసింది. రెండు పక్కలా నడుము మీద ఉన్న చేతులు ఇంకొంచెం బిగిశాయి.

"కంచే సేను మేత్తంటే ఎవులికి సెప్పుకుంతాం," అంది యర్రమ్మ అడుగు ఆపకుండా. "ఆడమ్మా."

చుట్ట లోపల వెచ్చగా ఉంది. మాధవి తల జమున భుజానికి ఆనుకుంది. ఆ చెవిలో జమున చెప్పింది, "రేపు పొద్దున్న మొదటి బస్సుకి నిన్ను హాస్టలుకాడ దిగబెడతాను. సెలవులయినా వార్డెనమ్మ ఉంతాది."

"నాన్న?"

"నిన్ను నానే కన్నాను. నానే తీసుకెల్తాను."

పొద్దు కొండల వెనక్కి పోయింది. జనం దాన్ని సరిగా చూశారో లేదో తెలియదు. పడవ వెనక్కి తిరిగి, రేవుకి వచ్చి ఆగింది. కళ్ళజోడు మనిషి భార్య చెయ్యి పట్టుకుని, తల దించుకుని దిగిపోయాడు. మిగతావాళ్ళూ దిగారు. సాయికుమార్ ఇంకెప్పుడూ మీ జట్టుని పిలవనని చెప్పి దిగాడు. మోరీవాడు చిన్నగా జారుకున్నాడు. కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆడవాళ్ళ అడుగులు ఇంకా పడుతూనే ఉన్నాయి.

సోంబరు డప్పు చంకన పెట్టుకుని, నారింజ జాకెట్టుతో ఎదురుగా నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఇంక సాలు, ఇప్పండి. అందరూ ఎల్లిపోనారు. ఇంకెక్కడుంది పులి?"

జమున తల తిప్పి ఖాళీ కుర్చీలు చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"ఇంకా ఎల్లనేదు," అంది.

ఈకలు పైకెత్తలేదు.