రెండో సీడీ

ముసలి దయ్యం బావిలోంచి పైకి పాకుతుండగా ఇస్రాయేలు డబ్బా మూత తీసి జొన్నరొట్టె తుంచుకున్నాడు. దయ్యాన్ని చూస్తూ ముద్ద మింగగలిగిన మనిషి గద్వాలలో ఈయనొక్కడేనని కింద బట్టల కొట్టువాళ్లు నవ్వుకుంటారు.

నరేందర్‌ది చిన్న సీడీల కంపెనీ. పేరు ‘అమాస వీడియో’. పెద్ద కంపెనీలు ముట్టని పాత దయ్యాల సినిమాలు వెతికి, హక్కులు కొని, అట్టమీద నాలుగు నెత్తుటి చుక్కలు వేయించి, అయిజ నుంచి రాయచూరు దాకా అమ్ముతాడు. ఏ సినిమా అయినా రెండు సీడీల్లో సర్దాలి. మొదటిది ఎక్కడ ఆపాలో చెప్పడం ఇస్రాయేలు పని. తలుపు తెరుచుకునే ముందు ఆపేవాడు. చూసేవాడు చచ్చినట్టు లేచి రెండోది పెట్టేవాడు.

బక్కపలచని మనిషి. కాలువ పనుల్లో తట్టలు మోసి ఎడమ భుజం కిందికి జారింది. నోట్లో నాలుక లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన అమ్మను కూడా అడిగి ఉండడు.

నరేందర్ మూడేళ్లుగా వెతికిన సినిమా నిన్ననే దొరికింది. ఒకప్పుడు ఇక్కడి కోటలోనే తీసింది. ఈ పూట దాన్ని పెట్టి, నిడివి ఎక్కువైందని, కోటలో తెల్లచీర మనిషి లాంతరు పట్టుకుని పోయే నడక కోసేద్దామని చెప్పి టీకి వెళ్లాడు.

ఇస్రాయేలు చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. పెళ్లైన కొత్తలో ఆయనా, భార్య కిష్టమ్మా ఆ సినిమావాళ్లకు కోటలో ముళ్లకంపలు కొట్టే కూలికి పోయారు. ఉత్త కాళ్లతో నడవడానికి హీరోయిన్ భయపడితే, పొడుగ్గా ఉందని కిష్టమ్మకు తెల్లచీర కట్టి నడిపించారు. తర్వాత వాడంతా ‘దయ్యం కిష్టమ్మ’ అని ఏడిపిస్తే ఆమె ఆ ఊసే ఎత్తలేదు. కొన్నేళ్లకు కూలికి వలస పోయిన చోట, కాలువ గట్టునే జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో లేదు. ఆ నడకలో కూడా వీపే కనిపిస్తుంది. కానీ ఎడమ పాదం కాస్త పక్కకు వేసే ఆ తీరు ఆయనకు తెలియదా?

నరేందర్ తిరిగొచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

“సేటు, గా నడక తియ్యకు.”

“గండ్ల ఏముంది పెద్దాయనా? మొకం గుడ కనవడదు.”

“ఆమె నా పెండ్లాం.”

నరేందర్ టీ గ్లాసు కింద పెట్టాడు. “గీ సినిమా కోసం నేను ఊర్లన్ని తిరుగుతుంటి. ఒక్కపారి గుడ చెప్పకపోతివి?”

“నా పెండ్లాం దయ్యమని ఎట్ల చెప్పుకుంట సేటు?”

నరేందర్ నడక ఉంచి, ఒక తాగుబోతు పాట తీసేశాడు. ఎక్కడ ఆపుతావో నీ ఇష్టమన్నాడు. ఇస్రాయేలు ఎప్పటిలా తలుపు దాకా పోనీయకుండా, కిష్టమ్మ గోడ మూల తిరగబోయే చోట ఆపించాడు. మూల తిరిగాక కనిపించేది హీరోయిన్ మొహం. ఆయనకు అది అక్కర్లేదు.

మధ్యాహ్నానికి సీడీలు తయారయ్యాయి. సరిచూడమని జత ఆయన చేతికిచ్చి నరేందర్ అట్టల కోసం ప్రెస్సుకు పోయాడు. ఇస్రాయేలు మొదటిది పెట్టుకుని కూర్చున్నాడు. కిష్టమ్మ ఎట్లా నడిచేదో గుర్తున్నవాళ్లు లోకంలో ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. అది తలచుకుంటే ఇన్నాళ్లూ గుండె బరువెక్కేది. ఇక ఆ నడక ఊళ్లు తిరుగుతుంది. లాంతరు ఊగుతూ గోడ దాకా పోయింది. ఆమె మూల దగ్గరికి చేరింది.

దీపాలు పెట్టే వేళకు నరేందర్ అట్టల కట్టతో వచ్చాడు. టీవీలో నీలం తెర. “పెద్దాయనా, ఎట్లొచ్చింది?” అన్నాడు. భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. ఇస్రాయేలు ఎప్పుడో వెళ్లిపోయాడు.

సగం తిన్న జొన్నరొట్టె పక్కన, కవరులోంచి బయటికి తియ్యని రెండో సీడీ ఉంది.