మడవని కొస

నేను ఒక జానమాజును. నమాజు వేళ నేల మీద పరుచుకునే చిన్న తివాచీనని చెబితే తెలియనివారికీ తెలుస్తుంది. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండడుగుల పైన నాలుగు వేళ్లు. ముదురు పచ్చ రంగు, నడుమ ఒక కమాను బొమ్మ, రెండు చివరలా కుచ్చులు. ఇంతకంటే ఇరుకైన రాజ్యాలను ఏలినవారు కూడా ఆత్మకథలు రాసుకున్నారు గనుక నా సాహసాన్ని పాఠకులు మన్నించాలి.

ఏ వంశచరిత్రలోనైనా గొంతు తగ్గించి చెప్పవలసిన పేజీ ఒకటి ఉంటుంది. నాకది మొదటి పేజీయే. నేను పుట్టింది మక్కాలో కాదు, పానిపట్టులో. అక్కడ మూడు మహాయుద్ధాలు జరిగాయని పిల్లలు బట్టీపడతారు. నలభై మరమగ్గాలు ఒక్కసారిగా మోగే షెడ్డులో నా జననమనే నాలుగో ఘట్టం జరిగిందని మాత్రం ఏ చరిత్రకారుడూ రాయలేదు. పుట్టిన కొద్దిరోజులకే నన్ను మూటగట్టి ఓడ ఎక్కించారు. మక్కాలో ఒక దుకాణం ముందు దండెం మీద వేలాడుతుండగా, మార్కాపురం నుంచి హజ్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి బేరమాడి కొని, తన చెల్లెలు హుస్సేన్‌బీకి కానుకగా తెచ్చాడు. ఆ విధంగా స్వదేశానికే విదేశీ వస్తువునై తిరిగివచ్చాను. వీధి వీధంతా వచ్చి నన్ను కళ్లకద్దుకుంది. నా వెనక కుట్టిన చీటీలో నా అసలు ఊరి పేరు ఇంగ్లీషులో ఉండేది. గుచ్చుకుంటోందని హుస్సేన్‌బీ దాన్ని కత్తిరించి పారేసింది. ఒకరికి చదువు రాకపోవడం మరొకరి పరువును ఎలా కాపాడగలదో ఆనాడే తెలుసుకున్నాను.

హుస్సేన్‌బీ నన్ను పదిహేడేళ్లు ఏలింది. ఏనాడూ నమాజు తప్పలేదు. కాకపోతే, నమాజు ముగిశాక దువా కోసం, అంటే దేవుణ్ణి వేడుకోవడానికి, వంచిన తలను నా కమాను మీద ఆన్చి చాలాసేపు లేచేది కాదు. ఆ సమయంలో ఆమె నుంచి సన్నగా ఒక ధ్వని వచ్చేది. దేవుడి ముందు కన్నీళ్లు పెట్టుకుంటోందని ఇంట్లోవారు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అది గురక అన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. గౌరవనీయులైనవారి రహస్యాలు మోయడానికే నేయబడ్డాను గనుక మోశాను.

తర్వాత ఆమె మోకాళ్లు మొరాయించాయి. కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవలసి వచ్చింది. అప్పుడు పట్టాభిషేకమంత గంభీరంగా నన్ను కోడలు జులేఖా చేతికిచ్చి, మక్కా నుంచి వచ్చిన వస్తువు, జాగ్రత్త అని చెప్పింది. నేను నోరు మెదపలేదు.

జులేఖా గురించి చెప్పాలంటే ముందు ఆ ఇంటి గురించి చెప్పాలి. ఆమె భర్త ఖాదర్‌వలీకి బజారులో పరుపుల కొట్టు ఉంది. ఇంటర్ చదివే కూతురు రిజ్వానా, ఎనిమిదో తరగతి కొడుకు జిలానీ. ఈ ముగ్గురికీ, అత్తకూ కలిపి ఇంట్లో ఉన్న వస్తువుల ఆచూకీ మొత్తం జులేఖా తలలో నిక్షిప్తమై ఉండేది. జామెట్రీ బాక్సు ఎక్కడుంది, మోకాళ్ల తైలం ఎక్కడుంది, కొట్టు తాళం ఎవరి చొక్కాలో ఉంది అన్న ప్రశ్నలు పొద్దున్నుంచి ఆమె మీద వానలా కురిసేవి. వంటగదిలో పిలిచేవారు. స్నానాల గది తలుపు తట్టి పిలిచేవారు. ఆమెను పిలవడానికి వీల్లేని ఒకే ఒక ప్రదేశం నేను.

నమాజులో ఉన్న మనిషి మాట్లాడకూడదు. అయినా సంసారం ఆగదు గదా, అందుకని ఆమె 'అల్లాహు అక్బర్' అనే స్వరంలోనే ఒక భాష పుట్టింది. కాస్త గట్టిగా అంటే పాలు పొంగుతున్నాయి, పొయ్యి కట్టేయమని. చివర సాగదీస్తే వాకిట్లో ఎవరో వచ్చారని. ఆ స్వరశాస్త్రంలో జిలానీ మహాపండితుడు.

నమాజు ముగిసిందనడానికి మాత్రం ఒకే గుర్తు, నా కొస మడవడం. అలా మడవకుండా వదిలేస్తే సైతాను వచ్చి దాని మీద నమాజు చేస్తాడని పెద్దవాళ్లు అంటారు. నమాజు మీద అంత మక్కువ ఉన్నవాడు సైతాను ఎందుకయ్యాడో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఏమైనా, కొస మడత పడిందంటే ఆ ఇంట్లో ఆమెను పిలవవచ్చునని అర్థం. మడత పడిన మరుక్షణం నాలుగు వైపుల నుంచీ పిలుపులు మొదలయ్యేవి.

ఒక సాయంత్రం అసర్ నమాజు అయ్యాక జులేఖా కొస మడవలేదు. మరచిపోయిందేమో అనుకున్నాను. చేతిలో తస్బీ మాల పట్టుకుని, పూసలు ముందుకూ వెనక్కూ నెడుతూ, అలాగే పావుగంట కూర్చుంది. మర్నాడూ అంతే. అప్పటి నుంచి రోజూ అంతే.

పుణ్యాత్ములు ధ్యానంలో కదలరని విన్నాను. ఈమె కుదురుగా కూర్చున్న క్షణం లేదు. కాలి బొటనవేలు నా కుచ్చులను మెలిపెడుతూనే ఉండేది. ఆ వేలి చలవతో ఏడు కుచ్చులు ఊడిపోయాయి. మనసు అంతకంటే చపలం. పదకొండేళ్ల కిందట ఆడబిడ్డ పెళ్లిలో బిర్యానీ మెతకబడిందని నలుగురిలో ఒకామె అన్న మాటకు ఇప్పుడు దీటైన జవాబు కూర్చేది. దాన్ని దిద్ది, మళ్లీ దిద్ది, పూర్తయ్యాక తనలో తానే సిగ్గుపడేది. ఆ తర్వాత చేతులు ఎత్తి దువా మొదలుపెట్టేది. అత్త మోకాళ్లు, భర్త కొట్టు, కూతురి చదువు, కొడుకు లెక్కలు. జాబితా అయిపోయేది. ఇక తన వంతు.

అక్కడే ఆమె ఆగిపోయేది. తనకు ఏం కావాలి? గాజులు అడుగుదామంటే అవి రిజ్వానావి అవుతాయి. ఆరోగ్యం అడుగుదామంటే అది ఇంటి చాకిరీకే పోతుంది. ఓర్పు అడగమని పెద్దవాళ్లు నేర్పారు. ఆలోచిస్తే దాని లాభం కూడా ఎదుటివాళ్లకే. ఏ కోరిక పట్టుకున్నా దాని మీద ఎవరిదో పేరు ముందే రాసి ఉండేది. అచ్చంగా తనదైన కోరిక ఒక్కటి వెతుక్కోవడానికే ఆ పావుగంట. దొరికేలోపు రాత్రి వంటకు వేళయ్యేది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఇంటివాళ్లను మోసం చేస్తున్నానా అని భయపడుతూ, గబగబా నా కొస మడిచి లేచేది.

మనుషులు తమకు తెలియని దానికి మంచి పేరే పెడతారు, ముఖ్యంగా అది నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే. పక్కింటి మాబున్నీ కిటికీలోంచి ఈ దీర్ఘ ప్రార్థన చూసి పరవశించింది. తన మేక తప్పిపోయిందనీ, దువా చెయ్యమనీ వచ్చి అడిగింది. జులేఖా సరేనని, ఆ సాయంత్రం బిర్యానీ జవాబులో పడి మేకను పూర్తిగా మరచిపోయింది. మేక తనంతట తాను ఇంటికి వచ్చింది. ఆ మేక చేసిన అపకారం ఇంతా అంతా కాదు. వారం తిరక్కుండా వీధిలో షుగరు, నడుం నొప్పి, కుదరని సంబంధాలు అన్నీ జులేఖా గడప తొక్కాయి.

ఖాదర్‌వలీ చెడ్డవాడు కాదు. కొట్టుకు వచ్చినవాళ్లు భార్య గురించి గౌరవంగా అడుగుతుంటే ఛాతీ కొంచెం వెడల్పయింది, అంతే. ఒకరోజు అన్నం తింటూ, వచ్చే శుక్రవారం నుంచి అసర్ అయ్యాక వీధి ఆడవాళ్లంతా మన ఇంట్లోనే కూర్చుంటారనీ, జులేఖా అందరి కోసం పైకి దువా చేస్తుందనీ, బాగుంటే రోజూ పెట్టుకుందామని మాబున్నీ అంటోందనీ చెప్పాడు.

"నా వల్ల కాదండీ," అంది జులేఖా.

"దువా చెయ్యనని ఎట్టంటావే? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

నిజం చెబితే అబద్ధాలకోరు, చెప్పకపోతే ఆ పావుగంట శాశ్వతంగా పోయినట్టే. శుక్రవారం దాకా ఉన్న నాలుగు రోజులూ ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అసర్ తర్వాత నా మీద కూర్చున్నా పూసలు కదిలేవి కావు. గడియారం వైపే చూసేది. ఇరవై ఏళ్ల సంసారంలో తనకంటూ దక్కించుకున్న ఒకే ఒక ఆస్తిని వీధికి పంచిపెట్టడానికి ముహూర్తం పెట్టారు.

గురువారం నాడు కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్త దగ్గర నేల మీద చతికిలబడింది.

"అత్తా, నేనంతసేపు కూర్చునేది దువాకి కాదు."

హుస్సేన్‌బీ చేట మీంచి తల ఎత్తలేదు. "తెలుసులే. దాని మీద పదిహేడేళ్లు నేను పడుకోలా?"

రహస్యాన్ని నేను మోస్తున్నానని గర్వపడుతుంటే, అది ఆమెకు ఏనాడూ బరువే కాదు.

"మరి నీకంటూ ఏదన్నా అడుక్కున్నావా అత్తా?"

"అడుగుదామనే కూచునేదాన్ని. ఈలోపల నిద్దరొచ్చేది." ఒక రాయి తీసి కిటికీలోంచి విసిరి, మళ్లీ చేటలోకి వంగింది. అంతకు మించి ఓదార్పు దొరకలేదు.

శుక్రవారం పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు, ఎవరి జానమాజు వారు చంకన పెట్టుకుని. ముందుగది నిండింది. మక్కా గౌరవంతో నన్ను అందరికంటే ముందు పరిచారు. హుస్సేన్‌బీ కుర్చీ గోడ పక్కన వేశారు. ఖాదర్‌వలీ వరండాలో షర్బత్ గ్లాసులు సర్దుతున్నాడు. జులేఖా నా మీద కూర్చుని చేతులు ఎత్తింది. ఒక్కొక్కరి కోరికే పైకి చెప్పింది. నడుం నొప్పి తగ్గాలి, ఆమీన్. అల్లుడు తాగుడు మానాలి, ఆమీన్. కొడుక్కి ఉద్యోగం రావాలి, ఆమీన్. అందరూ మర్యాదగా, కొంచెం అలసటగా ఆమీన్ అంటున్నారు. పొయ్యి మీద ఏం వదిలి వచ్చామా అని సగం మంది చూపులు వాకిలి వైపే ఉన్నాయి.

జాబితా అయిపోయింది. జులేఖా చేతులు దించబోయింది.

"నీక్కూడా ఏదన్నా అడుక్కోవే జులేఖా," అంది మాబున్నీ, నిండు ప్రేమతో. "అన్నీ మాకేనా?"

చేతులు గాలిలోనే ఆగాయి. బొటనవేలు నా ఎనిమిదో కుచ్చును వెతికి పట్టుకుంది. ఎన్ని నెలలు వెతికినా దొరకనిది, పోతున్నదని తెలిసిన ఆ క్షణంలో దొరికింది.

"యా అల్లా," అంది జులేఖా, నెమ్మదిగా. "రోజుకో పావుగంట నన్నెవరూ పిలవకుండా చూడు."

వరండాలో గ్లాసుల మోత ఆగిపోయింది. ఎవరైనా నవ్వుతారేమోనని నా పోగులు బిగుసుకున్నాయి.

"ఆమీన్," అంది గోడ పక్క నుంచి హుస్సేన్‌బీ.

ఆ తర్వాత లేచిన శబ్దాన్ని వర్ణించడానికి నా దగ్గర ఒకటే పోలిక ఉంది. నలభై మగ్గాలు. పదకొండు మంది తల్లులు ఒక్క గొంతుతో, ఏ నడుం నొప్పికీ ఏ అల్లుడికీ అననంత బలంగా, ఆమీన్ అన్నారు. మాబున్నీ ఆ మాటను రెండుసార్లు అంది. కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

రోజూ కూర్చోవడమన్న ప్రస్తావన మళ్లీ ఎవరూ ఎత్తలేదు. షర్బత్ తాగి, ఎవరి జానమాజు వారు చుట్టుకుని, ఏదో దొంగిలించి పట్టుకుపోతున్నవాళ్లలా త్వరత్వరగా ఇళ్లకు వెళ్లారు. అప్పటి నుంచి ఆ వీధిలో అసర్ నమాజులు చాలా పొడవయ్యాయి. మగవాళ్లు చల్లారిన టీ తాగుతూ, ఆడవాళ్లలో భక్తి ఎంత పెరిగిందో అని మెచ్చుకుంటున్నారు. మర్నాడు ఖాదర్‌వలీ కొట్టు నుంచి వస్తూనే తాళం గురించి అడగబోయి, నా కొస వైపు చూసి, పెదవుల దాకా వచ్చిన పేరును మింగి, తన చొక్కా జేబులు తానే వెతుక్కున్నాడు. తాళం అందులోనే ఉంది.

ఇప్పుడు నా పచ్చదనం వెలిసింది. నుదుళ్లు ఆనిన చోట కమాను చెరిగిపోయింది. కుచ్చులు పన్నెండు పోయాయి. జులేఖా ఇంకా నిలకడగా కూర్చోదు. పావుగంట దొరికింది గానీ, అందులో ఏం అడగాలో మళ్లీ వెతుకుతోంది. పూసలు ముందుకూ వెనక్కూ నడుస్తూనే ఉన్నాయి. ఒక్కోరోజు రిజ్వానా వచ్చి, ఏమీ అడక్కుండా, నా అంచున కూర్చుని గోళ్లు గిల్లుకుంటుంది. తల్లి కొంచెం జరిగి చోటిస్తుంది.

ఆ పావుగంటా నా కొస మాత్రం మడవరు. సైతాను వస్తాడేమోనని నాకు బెంగలేదు. వస్తే, ఇక్కడ మనిషి ఉందనీ, వరండాలో కూర్చుని చల్లారిన టీ తాగమనీ చెబుతాను.