మాస్టర్ గారి నాలుగో స్టడీ

సినిమాలకి మాటలు రాసి, తెరమీద పేరు పడనివాళ్ళు ఫిల్మ్‌నగర్‌లో చాలామందే ఉన్నారు. ప్రేమ్‌చంద్ వాళ్ళల్లో ఒకడు. ఏళ్ళ తరబడి ఎవరెవరి పేర్లమీదో ఏడుపు సీన్లు రాశాడు. ఆ సీన్లకి హాల్లో ఒక్కరైనా ఏడ్చిన దాఖలా లేదు. ఆ పని కూడా తగ్గిపోయాక, జూబ్లీహిల్స్‌లో కమలాకర్ మాస్టర్ దగ్గర రీసెర్చ్ రైటర్‌గా కుదిరాడు.

కమలాకర్ ఒకప్పుడు ఫైట్ మాస్టర్. బ్యాంకాక్ షూటింగ్‌లో నడుం పట్టేస్తే, ఎవరో చైనా వైద్యుడు నాలుగు రోజులు ఒళ్ళు పట్టాడట. ఆ నాలుగు రోజుల్లోనే ఈయనకి 'చీ' అనే ప్రాణశక్తి అబ్బేసింది. తిరిగొచ్చి 'చీ పరిశోధనా కేంద్రం' అని బోర్డు కట్టాడు. బోర్డు చూసి నవ్వినవాళ్ళే తర్వాత చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. అసలు రోగి రానక్కర్లేదు కూడా. టోలిచౌకిలో ఉన్నా టోక్యోలో ఉన్నా ఫోటో పంపితే చాలు, మాస్టర్ కళ్ళు మూసుకుని, "మెడకీ మోకాలికీ నడుమ ఎక్కడనో అడ్డమున్నది" అని చెప్పేవాడు. ఆ మాట ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

"జనం రీసెర్చ్ ఏదీ అంటున్నరు, రైటర్ సాబ్. జర మూడు స్టడీలు రాయి," అన్నాడు ఒకరోజు.

దూరం నుంచి చీని పసిగట్టడం మీద మొదటిది. రెండోది సర్ఫేస్ కెమిస్ట్రీ. ఆ మాట ఎక్కడ విన్నాడో గాని మాస్టర్‌కి దానిమీద మహా మోజు. తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు దొర్లుతుందో, శుభ్రమైన గాజుమీద ఎందుకు పరుచుకుంటుందో చెప్పే శాస్త్రమని ప్రేమ్‌చంద్ కనుక్కుని వచ్చాడు. ప్రయోగమూ జరిగింది. జిడ్డు గాజుపలక మీద బొట్టు వేసి, పక్కగదిలోంచి మాస్టర్ చీ పంపాడు. బొట్టు కదల్లేదు, గుండ్రంగానే కూర్చుంది. పనిమనిషి ఆ పలకని గిన్నెల సబ్బుతో తోమి తెచ్చాక మళ్ళీ వేశారు. ఈసారి చాపలా పరుచుకుంది. స్టడీలో సబ్బు ఊసు రాలేదు.

మూడోది క్యాన్సర్. దానికి రోగులు కావాలి. లేనివాళ్ళని పుట్టించడం ప్రేమ్‌చంద్‌కి కొత్తేం కాదు కనక, సామర్లకోట సుశీలని పుట్టించాడు. ఆవిడకి రొమ్ములో గడ్డ పెట్టి, మందులన్నీ మాన్పించి, మాస్టర్ చీతో గడ్డ కరిగించాడు. రాలిన జుట్టు మళ్ళీ మొలిచి, ఆవిడ దువ్వెన పట్టుకుని అద్దం ముందు కూర్చునే చోట అతని కళ్ళే చెమ్మగిల్లాయి.

ఆ స్టడీ వాట్సాప్ ఎక్కి ఊరంతా తిరిగి బోరబండలో మార్తమ్మ ఫోనుకి చేరింది.

మార్తమ్మ ప్రేమ్‌చంద్‌ని పెంచిన పిన్ని, రిటైరైన తెలుగు టీచరు. ఆమెకి రొమ్ము క్యాన్సర్ నిజంగానే ఉంది. రెండు కీమోలకే తల బోడి అయింది, నోరంతా పుళ్ళు. మూడోదానికి తీసుకెళ్దామని ప్రేమ్‌చంద్ ఆటో తెచ్చేసరికి ఆమె మంచం మీంచి లేవలేదు.

"నేను రాను నాన్నా. ఇది చదువు. సుశీలమ్మకి మందుల్లేకుండానే గడ్డ పోయిందట."

తానెక్కడ పనిచేస్తున్నాడో అతను సిగ్గుపడి ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పింది కాదు.

"పిన్నీ, అది రాసింది నేనే. ఆ సుశీల ఎక్కడా లేదు. అంతా కల్పన."

మార్తమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నీ రాత నాకు తెలీదట్రా? నువ్వు రాస్తే ఒత్తులుండవు, ఉసురుండదు. ఇది చదివి రెండుసార్లు ఏడ్చాను. పడ్డవాళ్ళు తప్ప ఇలా రాయలేరు."

చెప్పుకోడానికి సిగ్గుచేటు గాని, ఆ మాటకి అతని ఛాతీ పొంగింది. మరుక్షణం ఆమె బోడితల కంటబడి, ఇంకో దారి పట్టాడు.

"ప్రార్థన చేసుకునే మనిషివి, నీకు ఈ చీ ఏంటి పిన్నీ?"

"ఆత్మ గాలిలాంటిదని బైబిలు వాక్యంలోనే ఉంది. పేరేదైతేనేం."

కీమో ఇస్తున్న డాక్టర్ మంజులత ఫోన్లో అరగంట చెప్పింది. గడ్డ తగ్గుతోంది, ఇప్పుడు ఆపితే ప్రాణానికే ముప్పు అంది. మార్తమ్మ ఎంతో మర్యాదగా "అలాగేనండీ" అని ఫోన్ పెట్టేసి అటు తిరిగి పడుకుంది.

ప్రేమ్‌చంద్ తిన్నగా మాస్టర్ దగ్గరికి పోయి సంగతి చెప్పాడు.

"నేనెవ్వరినీ మందులు బంద్ జేయమనలే," అన్నాడు కమలాకర్.

"మీరనలేదండీ. నేను రాశాను."

"అయితే ఏం జేద్దామంటవ్?"

"ఇంకో స్టడీ రాద్దామండీ. జిడ్డు గాజుమీద బొట్టు పరుచుకోదు కదా, చీ కూడా అంతే. రోగమనే జిడ్డుని కీమోతో కడిగి, ఆపరేషన్‌తో తుడిచాకే ఒంటికి పడుతుందని."

మాస్టర్ మొహం విప్పారింది. "బతికితే మన చీ. లేకుంటే డాక్టర్ల పాపం. గిది ముందుగాల్నే ఎందుకు రాయలే?"

నాలుగో స్టడీ రాసేటప్పుడు ప్రేమ్‌చంద్ ప్రతి ఒత్తూ సరిచూసుకున్నాడు. సుశీల కీమోలన్నీ పూర్తిచేసిన సంగతి మూడో స్టడీలో పొరపాటున తప్పిపోయిందని, అందుకు కేంద్రం విచారిస్తోందని చివర చేర్చాడు. మార్తమ్మ అది చదివి, "చూశావా, పెద్దమనుషులు తప్పు ఎంత నిజాయితీగా ఒప్పుకున్నారో," అని తనే ఆస్పత్రికి ఫోన్ చేసింది.

కీమోలయ్యాయి. ఆపరేషనయింది. రేడియేషన్ కూడా అయింది. గడ్డ ఆనవాలు లేదని మంజులత చెప్పింది.

ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌లో ఒక హాలు తీసుకుని మాస్టర్ సన్మాన సభ పెట్టించుకున్నాడు. ఫోటో పంపి చీ కూడా పట్టించుకున్న మార్తమ్మ బొటనవేలంత జుట్టుతో వేదికెక్కింది. డాక్టర్ గురించి ఒక ముక్క, మాస్టర్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. మాస్టర్ శాలువా కప్పించుకుని, చేతులు జోడించి, దగ్గరుండి రోగం నయం చేసినవాడిలాగే కళ్ళొత్తుకున్నాడు. మంజులతకి పిలుపే లేదు. వెనక వరసలో కూర్చున్న ప్రేమ్‌చంద్‌కి ఒళ్ళు మండిపోయింది. రేపట్నుంచి ఈ కొలువుకి రాకూడదనుకున్నాడు.

పక్కకుర్చీలో తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఆవిడ అతని వైపు వంగింది. పేరు రాజ్యలక్ష్మి అని, శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చానని చెప్పింది. "మాస్టర్ గారిని ఎలా కలవాలండీ? కీమో ఒకటయ్యాక మానేశాను."

"ఇదంతా బూటకమండీ. నేను ఇక్కడే పనిచేస్తాను, నాకు తెలుసు. ఆస్పత్రికి వెళ్ళండి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగి కూర్చుంది.

ప్రేమ్‌చంద్ లేచి, గుమ్మం దగ్గర పంచుతున్న కాగితాల్లోంచి నాలుగో స్టడీ తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వేలితో ఒక్కో వరసా నడిపిస్తూ చివరిదాకా చదివి, ఫోన్ తీసి ఆస్పత్రి నంబరు వెతుక్కుంది.

మర్నాడు అతను పొద్దున్నే కేంద్రానికి వెళ్ళాడు. ఐదో స్టడీ షుగరు జబ్బు మీద. ఇన్సులిన్ మానకూడదని మొదటి వాక్యంలోనే రాశాడు.