మెషిన్ తిరిగేంతసేపు

"ఖాళీగానే ఉన్నావుగా, మా ఆఫీసర్ రిటైర్‌మెంట్‌కి నాలుగు ముక్కలు రాసిపెట్టు," అన్నాడు మా ఆయన.

నేనప్పుడు ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను. ఒక చెయ్యి కాలరు మీద, ఒక చెయ్యి ఇస్త్రీపెట్టె మీద. ఖాళీ ఎక్కడ కనిపించిందో అడగలేదు. రాసిపెట్టాను. మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి, "అందరూ ఒకటే చప్పట్లు. నాలో ఇంత భాష ఉందని ఎవరికీ తెలీదట," అని మురిసిపోయాడు. నేను పనిచేసే కాలేజీ ఆఫీసులోనూ ఇదే వరస. ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసాలు, హెడ్‌క్లర్కు గారి సంజాయిషీలు, ఇంటికొస్తే ఆడపడుచు కూతురి వ్యాసాలు, అన్నీ నా చేతిమీదుగా వెళ్లాల్సిందే. "నీకేం, కలం పట్టుకుంటే అదే వచ్చేస్తుంది," అనేవాళ్లు. అదే నాకోసం నేనొక పేజీ రాసుకుంటే మాత్రం దాని పేరు వేరు. "ఏంటి, ఊరికే కూర్చున్నావ్?"

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర కాలేజీ లైబ్రేరియన్ మేడమ్‌తో అన్నాను, కథ రాయాలని ఎన్నాళ్లనుంచో ఉందని, కానీ మూడ్ రావడం లేదని. ఆవిడ తన డబ్బా మూత పెడుతూ, "మూడొస్తేనే వంట చేస్తున్నావా?" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "రోజూ ఒకే టైము, ఒకే చోటు. అరగంట చాలు. బాగుందా లేదా అని చూసుకోకు. ఇంకోమాట, ఎలా ఉంటే బాగుంటుందో అది రాయకు. నువ్వు చూసింది రాయి."

ఒకే చోటు. ఇంటికెళ్లి వెతికితే పదిహేనేళ్లుగా నేనే తుడుస్తున్న ఆ ఇంట్లో నేను కూర్చుంటే ఎవరూ ఎందుకని అడగని చోటు ఒక్కటే దొరికింది. వెనక వసారాలో బట్టల మెషిన్ పక్కన. అది నలభై నిమిషాలు తిరుగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ నేను పనిలో ఉన్నట్టే లెక్క. పొద్దున్నే అయిదున్నరకి మెషిన్ వేసి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, నోటుబుక్ మోకాళ్ల మీద పెట్టుకునేదాన్ని. మొదటి వారం రాసిందంతా ప్రిన్సిపాల్ గారి గొంతులోనే వచ్చింది. 'ఈ శుభసందర్భంలో' అన్న మాట నా వేళ్లకి అంటుకుపోయింది. కొట్టేసి మళ్లీ రాశాను. నెల తిరిగేసరికి నా చూపులో ఏదో మార్పొచ్చింది. హెడ్‌క్లర్కు గారు అబద్ధమాడే ముందు కళ్లజోడు తుడుచుకుంటారని గమనించాను. అన్నం బాగుంటే మా ఆయన ఏమీ అనడని, బాగులేనప్పుడే మాటలొస్తాయని గమనించాను. ఇవన్నీ నేను రోజూ చూస్తున్నవే, చూస్తున్నానని తెలియలేదంతే. తెలిశాక సుఖంగా లేదు. ఏ గదిలోకి వెళ్లినా నాలోంచి ఇంకొకతి వచ్చి నా వెనకే నిలబడి చూస్తున్నట్టుండేది.

ఒక ఆదివారం ఆడపడుచూ ఆమె భర్తా భోజనానికొచ్చారు. మా ఆయన ఉతికిన తువ్వాలు కోసం వసారాలోకి వెళ్లి, సబ్బుపొడి డబ్బా కింద ఉన్న నోటుబుక్‌తో తిరిగొచ్చాడు. "మనింట్లో రచయిత్రి ఉంది, తెలుసా?" అని, నేను వడ్డిస్తుండగానే, రేడియో నాటకంలోలా గొంతు వణికిస్తూ చదవడం మొదలుపెట్టాడు. "మామయ్య పోయిన మర్నాడు, వచ్చినవాళ్లంతా వెళ్లాక, అత్తయ్య గది తలుపేసుకుని రెండు గంటలు కుమిలి కుమిలి ఏడ్చింది."

ఆడపడుచు భర్త పడీపడీ నవ్వాడు. "మనం ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాలోయ్, అన్నీ పుస్తకంలోకి ఎక్కిపోతాయి."

"వదినా, ఇంటి గుట్టు బజార్న పెడతావా ఏంటి?" అంది ఆడపడుచు, నవ్వుతూనే.

అత్తయ్య కూడా ఆ పంక్తిలోనే కూర్చుని ఉంది. ముందున్న నీళ్లగ్లాసు పక్కకి జరిపి, మళ్లీ దగ్గరికి లాక్కుంది. నా చేతిలో గరిటె అలాగే ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంత సిగ్గులోనూ తల్లి మొహం చూసి ఆడపడుచు నవ్వు సగంలో ఆగడం చూశాను, ఆ ఆగడానికి సరైన మాట కోసం లోపల వెతుక్కుంటున్నాను. అది తెలిసి భయమేసింది. నాకు మనసుందా లేదా? వాళ్లు నవ్వినందుకంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

ఆ తర్వాత మూడు వారాలు రాయలేదు. మెషిన్ వేసి, అది ఆగేదాకా పక్కనే నిలబడేదాన్ని. వాక్యాలు వచ్చి వెళ్లిపోయేవి. ఇంట్లో గిన్నెల చప్పుడు ఎక్కువైంది. మా ఆయన, "ఈమధ్య చిరాకెక్కువైంది నీకు," అన్నాడు.

నాలుగో వారం ఒక పొద్దున అత్తయ్య వసారాలోకి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆ గుమ్మం దిగడమే మానేసిన మనిషి, గోడ పట్టుకుని దిగింది. నేను కంగారుగా బకెట్ బోర్లించి ఆవిడ దగ్గరికి జరిపాను. కూర్చుంది.

"ఆ పుస్తకంలో నువ్వు తప్పు రాశావు," అంది.

"క్షమించండి అత్తయ్యా, మీ గురించి రాయకూడదు, ఏదో..."

"రాయకూడదని కాదు. తప్పని చెబుతున్నా. నేను ఆరోజు ఏడవలేదు." మెషిన్ వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నిద్రపోయాను. తలుపేసుకుని పడుకున్నాను, ఒళ్లు తెలీలేదు. పెళ్లయిన నలభై నాలుగేళ్లలో పగలు నిద్రపోయింది అదే మొదటిసారి. లేచాక ఏడ్చినట్టు కనబడాలని కళ్లు నలుపుకున్నాను."

ఆరోజు బయట నుంచి నేను చూసిందల్లా మూసిన తలుపు. దాని వెనక భర్త పోయిన ఆడదానికి ఏది బాగుంటుందో అది నేనే పెట్టేశాను. చూసింది రాయమంటే, ఊళ్లో అందరూ అనుకునేదే రాశాను.

"రాయమంటారా?" అన్నాను చివరికి.

"రాసి నాకు చదివి వినిపించు. తొందరగా, నేనుండగానే."

'ఏడ్చింది' కొట్టేసి 'నిద్రపోయింది' అని రాశాను. ఆ ఒక్క మాట మారేసరికి ముందూ వెనకా ఏదీ నిలబడలేదు. కథంతా మళ్లీ రాశాను. రెండు నెలలు పట్టింది. రాసినంతవరకు రోజూ అత్తయ్యకి చదివి వినిపించాను. పూర్తయ్యాక నా పేరుతోనే ఒక పత్రికకి పంపాను. వాళ్లు వేశారు.

మా ఆయనకి ఆఫీసులో ఎవరో చూపించారట. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, కలపకుండా, "అమ్మ గురించి ఇలాంటివి రాస్తావా? నలుగురూ ఏమనుకుంటారు? కనీసం పంపేముందు ఇంట్లో చూపించాలని తెలీదా?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కునేలోపే అత్తయ్య అంది, "నాకు చూపించిందిరా. రెండు చోట్ల దిద్దాను."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన అలా లేచినప్పుడల్లా బతిమాలడానికి నేను వెనకే వెళ్లేదాన్ని. నేను కూర్చుని అన్నం తిన్నాను.