బండికి కొట్టమన్న కాయ

గోదావరి లక్సెట్టిపేట ఇండ్లలోకి వచ్చి, గోడల మీద నడుము లోతు బురద గీత పెట్టి పోయిన ఏడు అది. ఆ చలికాలం ఒకనాడు, రాయపట్నం వంతెన దాటాక, డ్రైవర్ నాగయ్య ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని తాతలనాటి కారును భుజంతో నెడుతున్నాడు. గ్రానైటు శ్యాంసుందర్ సేటు వెనుక సీట్లోంచి దిగలేదు. దిగితే ఇస్త్రీ నలుగుతుంది. కరీంనగర్‌లో పాత కార్ల ఊరేగింపు. ముందు వరుసలో ఉండాల్సిన కారు ఇంజన్ పట్టేసి నడిరోడ్డు మీద ఆగింది.

ట్రాక్టరుకు కట్టి లక్సెట్టిపేటకే తిరిగి తెచ్చారు. మెకానిక్ రాజయ్య షెడ్డులో ఇంజన్ అడుగు విప్పితే నూనె బదులు బురద కారింది. బేరింగులు అరిగి రేకులు తేలాయి.

కారును ముంచిన వరద తీసిన రోజే నాగయ్య చెప్పాడు, ఆయిల్ మార్చాలని. "ఎండకు పెట్టు, అదే ఆరుతది" అన్నాడు సేటు. నూనెలో కలిసిన గోదావరి ఎండకు ఆరుతుందనే తెలివి, గుట్టలు కోసి అమ్ముకునేవాళ్ళకే ఉంటుంది. అది చాలక, స్పార్కు ముందు పడితే బండి ఉరుకుతుందని ఫోన్లో చూసి, స్పార్కు ఎప్పుడు పడాలో నడిపే డిస్ట్రిబ్యూటర్‌ను తానే తిప్పాడు. పిస్టన్ పైకి రాకముందే దాని నెత్తిన మంట పడింది. ఆ గుద్దులన్నీ అరిగిన బేరింగుల మీదే పడ్డాయి. ఇంజన్ టకటకమంటోందని నాగయ్య చెబితే, "ముసలి బండి, దగ్గుతది. నువ్వు దగ్గవార?" అని నవ్వాడు.

షెడ్లలో ఒక ఆచారం ఉంది. ఇంజన్ పోతే తప్పు స్టీరింగు పట్టినవాడిది. వాడు బండి ముందు కొబ్బరికాయ కొట్టి తప్పయిందని మొక్కాలి. మొక్కితే నౌకరి ఉంటుంది, తప్పూ ఉంటుంది.

"తప్పెవలిది రాజయ్యా?" సేటు అడిగాడు.

రాజయ్య తుడిచిన పానానే మళ్ళీ తుడిచాడు. "డ్రైవర్ జర సూసుకోవాలె సేటు."

"రాజన్నా, డిస్ట్రిబ్యూటర్ ఎవలు తిప్పిన్రో నీకెర్కలేదా?" అన్నాడు నాగయ్య.

రాజయ్య గొంతు తగ్గించాడు. "నాకెందుకన్నా? ఆయన లారీలన్ని గీ షెడ్డుకే వస్తయి."

సేటు పక్క దుకాణంలోంచి కాయ తెప్పించి నాగయ్య చేతిలో పెట్టాడు. "రేపు పొద్దుగాల మా గేటు ముందట పదిమంది సూడంగ కొట్టు. లేకుంటే గీ జిల్లాల నీకు బండి ఇచ్చేటోడు ఉండడు. కాయ నాదే పో, గంత ధర్మం చేస్త."

ఇంట్లో సమ్మవ్వ కాయను, మొగుణ్ణి మార్చి మార్చి చూసింది. "కొట్టి రారాదయ్యా, నౌకరన్న ఉంటది."

"బండికి మొక్కుడు నాకేం కష్టం కాదే. అది ఏం పాపం జేసింది?" అన్నాడు నాగయ్య.

తెల్లారి కాయను తన ఇంటి గడప రాయి మీద కొట్టాడు. నీళ్ళు సమ్మవ్వకు ఇచ్చాడు. కొబ్బరిలో పచ్చిమిర్చి, చింతపండు వేసి రోట్లో తొక్కు తానే నూరాడు. ఇద్దరూ బువ్వలో కలుపుకుని కూర్చున్నారు. ఫోన్ మోగింది. నాగయ్య ఎడమ చేత్తో అందుకున్నాడు.

"ఏడున్నవ్ రా? ఈడ అందరచ్చిన్రు."

"తింటున్న సేటు," అన్నాడు నాగయ్య. "కాయ మంచిగున్నది."