ఎడమవైపు తక్కువ

ఏడో జత ఇయర్‌ఫోన్ల బుడిపెలు ఊడదీసి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో వేశాడు బాబాయి. రబ్బరు బుడిపెను పట్టుకుని లాగకూడదు. రెండు వేళ్ల మధ్య పట్టి కాస్త మెలితిప్పితే తనంతట తనే ఊడి వస్తుంది. గిన్నెలో ఒక్క చుక్క సబ్బు చాలు. రెండో చుక్క పడితే వాసన మిగులుతుంది, పాడేవాళ్లకు ఆ వాసన గిట్టదు. ఇక స్పిరిట్ తగిలించారో, నెల తిరక్కుండానే రబ్బరు బిరుసెక్కి చెవిలో గుచ్చుకుంటుంది. ఎవరూ అడగకపోయినా ఈ సంగతులన్నీ గదిలోకి వచ్చినవాళ్లకు చెప్పడం ఆయనకు అలవాటు. నాలుగు నెలలుగా ఆ గదిలోకి ఎవరూ రావడం లేదు కాబట్టి ఇప్పుడు గిన్నెతోనే చెప్పుకుంటున్నాడు.

అది సౌండు సామాను అద్దెకిచ్చే కంపెనీ. కింద గోడౌన్లో మనిషెత్తు స్పీకర్లు, వైర్ల చుట్టలు ఉంటాయి. పైన ఒక కిటికీ, ఒక బల్ల ఉన్న గది బాబాయిది. వేదిక మీద పాడేవాళ్లూ వాయించేవాళ్లూ తమ పాట తమకు వినపడటానికి చెవుల్లో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లు ప్రతి కచేరీ తర్వాతా ఆయన బల్ల మీదికి వస్తాయి. శుభ్రమై, డబ్బాల్లో సర్దుకుని మళ్లీ వెళతాయి. పంతొమ్మిదేళ్లలో బాబాయి ఒక్క కచేరీ కూడా చూడలేదు. చూడకపోతేనేం, డ్రమ్ములాయన స్పాంజి బుడిపెలు చెమటకు నానిపోయి వచ్చాయంటే ఆ రాత్రి జనం లేవనివ్వలేదని తెలిసిపోయేది. పెద్ద గాయని ఇయర్‌ఫోన్లను వైరు పట్టుకుని పీకుతుందనీ, వేణువు ఆయనకు కుడిచెవి రంధ్రం చిన్నదనీ వాళ్ల ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు గాని బాబాయికి తెలుసు. ఇంతమంది చెవుల మురికి తీస్తాడు కనుక కుర్రకారు ఆయనకు గులిమి బాబాయి అని పేరు పెట్టారు. ఆయన దాన్ని చెవిన పెట్టలేదు. వాళ్లూ మానలేదు. చివరికి పేరులోంచి గులిమి రాలిపోయి బాబాయి మిగిలాడు.

ఇయర్‌ఫోను మూతికి ఉండే సన్నటి జాలీని మెత్తటి కుంచెతో దులిపేటప్పుడు ఆ మూతి నేల వైపు ఉండాలి. పైకి పెట్టి దులిపితే మురికి లోపలికే పోతుంది. సూదితో పొడవడం మహాపాపం. తుడిచి, దులిపి, వైరు పొడవునా పొడిగుడ్డ నడిపాక అసలు పని మొదలవుతుంది. బాబాయి తన రేకుడబ్బా తెరిచి తన సొంత బుడిపెలు రెండూ తీస్తాడు. ఎడమదానికి నీలం చుక్క, కుడిదానికి ఎర్రచుక్క. వాటిని ఇయర్‌ఫోన్లకు తొడిగి, చెవుల్లో పెట్టుకుని, ప్లేయరు నొక్కుతాడు. ఎవరో ఒకావిడ, ఎప్పుడో రికార్డు చేసిన గొంతు, "ఎడమ... ఎడమ... కుడి... కుడి..." అంటుంది. తర్వాత ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెడుతుంది. పంతొమ్మిదేళ్లుగా బాబాయితో రోజూ అన్నిసార్లు మాట్లాడిన ఆడమనిషి ఆవిడ ఒక్కతే. పెళ్లి చేసుకుని ఉంటే ఇంతకన్నా ఎక్కువేం వినేవాణ్ణి అని ఒకప్పుడు నవ్వేవాడు. విన్న తర్వాత డబ్బాలో చీటీ పెడతాడు. "శుభ్రం చేశాను. విన్నాను." కింద సంతకం. వేలమంది ఎదుట నిలబడేవాళ్లు మరో ఆలోచన లేకుండా దాన్ని చెవిలో పెట్టుకునేది ఆ రెండో మాట చూసే.

ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. ఇది పెద్దయజమాని పెట్టిన నియమం. ఆయన పోయినా బాబాయి దాన్ని పోనివ్వలేదు. ఒక చెవిలో జబ్బుంటే రెండో చెవికి అంటించకూడదు కదా.

అయితే ఆరు నెలలుగా ఏదో తేడా వచ్చింది. ఎడమవైపు ధ్వని తగ్గి వస్తోంది. మొదట ఒక జత, తర్వాత రెండు, అలా పదకొండు జతలు "ఎడమవైపు తక్కువ" అన్న చీటీతో పక్కన పడ్డాయి. కొత్త జాలీలు వేశాడు, కుంచె మార్చాడు, లాభం లేకపోయింది. లోపలి తీగ తెగుతోందని తేల్చుకున్నాడు. తెగడానికి కారణం ఒక్కటే కనిపించింది. కచేరీ అయ్యాక వీటిని చుట్టి తెచ్చే వైర్ల వదిన.

ఆవిడ పేరు ఎవరూ పలకరు. నలభై దాటిన మనిషి, కచేరీలకు వెంట వెళ్లి వైర్లు పరుస్తుంది, చుడుతుంది. మర్నాడు పొద్దున్నే రెండు గ్లాసుల టీతో పైకొచ్చి, కిటికీ గట్టు మీద కూర్చుని, "అన్నయ్యా, నిన్న ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టేది. గాయని మధ్యలో చరణం మరిచిపోయి జనంచేత పాడించిందనీ, వర్షానికి డ్రమ్ముల మీద గొడుగు పట్టారనీ ఆవిడ చెబితేనే బాబాయికి తెలిసేది. ఆయన చూసిన కచేరీలన్నీ ఆ గట్టు మీద జరిగినవే. అలాంటి మనిషి మీద బాబాయి యజమానురాలికి ఫిర్యాదు చేశాడు. వైర్లు బిగించి చుడుతోందమ్మా, అందుకే ఎడమవైపులు పోతున్నాయి అన్నాడు. వదినను కచేరీల నుంచి తీసి గోడౌన్లో కూర్చోబెట్టారు. ఆవిడ పోట్లాడలేదు. టీ ఆగిపోయింది. మెట్ల దగ్గర ఎదురుపడితే "నమస్తే సార్" అంటోంది. ఆ సార్ అన్న మాట బాబాయికి చెంపదెబ్బలా తగిలేది. అయినా పని పనే కదా అనుకునేవాడు.

ఆ రోజు నాలుగింటికల్లా పద్నాలుగు జతలు వ్యానెక్కాలి. ఒంటిగంటకు కాస్త ముందు బాగుచేసే దుకాణం నుంచి పొట్లం వచ్చింది. పంపిన పదకొండు జతలూ డబ్బాలతో సహా తిరిగొచ్చాయి. పైన కాగితం. "అన్నీ పరీక్షించాం. ఒక్కదానిలోనూ లోపం లేదు."

"కళ్లు మూసుకుని చూసినట్టున్నారు," అని బాబాయి గిన్నెతో అన్నాడు. ఒక జత తీసి బుడిపెలు తొడిగాడు. ముందు ఎడమది ఎడమచెవిలో పెట్టి మీట నొక్కాడు. రికార్డులో ఆవిడ గొంతు తలుపు అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది. చూశారా, తక్కువే. ఇంత తేలిగ్గా తెలిసేదాన్ని పట్టుకోలేనివాళ్లు దుకాణం ఎందుకు పెట్టినట్టు?

అంతలో ఫోను మోగింది. ఒంటిగంట, అక్కయ్య. వేరే ఊళ్లో ఉంటుంది. రోజూ ఈ వేళకు ఫోను చేసి తిన్నావా అని అడుగుతుంది. కుడిచేయి అన్నంలో ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఎడమచేత్తో, ఎడమచెవి దగ్గర పెట్టుకుని మాట్లాడతాడు. ఈ మధ్య అక్కయ్య గొంతు నానాటికీ సన్నగిల్లిపోతోంది. ఏదో జబ్బు దాస్తోందని ఆయన గుండెల్లో రాయి పడింది. మందులు వేసుకుంటున్నావా అంటే గుండ్రాయిలా ఉన్నాను పోరా అని విసుక్కుంటుంది. ఆ విసుగు కూడా నీరసంగానే వినిపించేది. వచ్చే వారం సెలవు పెట్టి వెళ్లి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాలని నిశ్చయించుకున్నాడు.

ఆవేళ ఇంకా అన్నం డబ్బా తెరవలేదు. ఎడమచెవిలో ఇయర్‌ఫోను ఉంది. ఫోను కుడిచెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏరా, తిన్నావా?"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. అది వీధి చివర నిలబడి ఆటలోంచి తనను ఇంటికి పిలిచిన అక్కయ్య గొంతు. ఎక్కడా తగ్గలేదు, ఇంట్లో అందరినీ హడలెత్తించే పాత గొంతే.

"ఏంట్రా, మాట్లాడవు?"

"తింటానక్కయ్యా. ఉండు, ఒక్క నిమిషం."

ఇయర్‌ఫోను తీసేసి ఫోనును ఎడమచెవికి మార్చాడు. అక్కయ్య దూరంగా, మంచంపట్టినదానిలా ఏదో అంటోంది. మళ్లీ కుడికి మార్చాడు. "వినపడుతోందా అసలు?" అని గట్టిగా అడుగుతోంది. వినపడుతోంది అని చెప్పి ఫోను పెట్టేశాడు.

తర్వాత పంతొమ్మిదేళ్లలో చేయని పని చేశాడు. ఎడమ ఇయర్‌ఫోనుకు నీలం చుక్కది తీసి ఎర్రచుక్క బుడిపె తొడిగి, కుడిచెవిలో పెట్టుకున్నాడు. "ఎడమ," అంది రికార్డులో ఆవిడ, పక్కన కూర్చుని చెప్పినట్టు. "ఎడమ."

ముందు పట్టరాని సంతోషం కలిగింది. అక్కయ్యకు ఏమీ కాలేదు. కూర్చున్నచోటే దణ్ణం పెట్టుకున్నాడు. ఆ చేతులు దించేలోగా చూపు పదకొండు డబ్బాల మీద పడింది. డబ్బాల మీంచి కిటికీ గట్టు మీదికి వెళ్లింది. తన చెవిలో తగ్గిన ధ్వనికి ఒక మనిషి పొట్ట మీద కొట్టినంత పని చేశాడు. ఆవిడ ఎదురు తిరిగి ఒక్కమాట అని ఉంటే బాగుండేదనిపించింది.

కిందికి దిగాడు. వదిన నేల మీద కూర్చుని అరచేతిలోకి ఒక్కొక్క వరసే వేస్తూ వైరు చుడుతోంది. ఎక్కడా బిగుతు లేని చుట్టలు. నాలుగు నెలల కిందట ఒక్కసారి వచ్చి చూసినా తెలిసేది.

"చెప్పండి సార్."

"నా చెవి పోయిందమ్మా. ఎడమది. ఇయర్‌ఫోన్లకేం కాలేదు. నీ తప్పు రవ్వంత కూడా లేదు."

వదిన చుట్టడం ఆపలేదు. ఆ చుట్ట పూర్తయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

"మేడమ్‌కు చెప్పారా?"

"ముందు నీకు చెప్పాలి కదా."

ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"పద్నాలుగు జతలు వెళ్లాలి. నువ్వు విని పెట్టాలి."

వదిన పైకొచ్చి చేతులు కడుక్కుంది. బాబాయి కొత్త బుడిపెలు తీసిచ్చాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింటూంటే ఆయన ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆ పనిలో ఉన్న మనిషి మొహం ఎలా ఉంటుందో చూడడం అదే మొదటిసారి. మూడు జతలు బాగున్నాయంది. నాలుగోదాని దగ్గర నొసలు ముడిపడింది.

"ఇదొక్కటి నిజంగానే ఎడమవైపు తక్కువుంది సార్."

కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. జాలీకి అడ్డంగా ఆవగింజంత గులిమి. పొద్దున తను దులిపి, విని, సంతకం పెట్టిన జత అది. అన్నీ తక్కువగానే వినిపిస్తూంటే, వాటిలో కాస్త వినపడ్డవాటికల్లా సంతకం పెట్టేస్తూంటే, ఇదెలా తెలుస్తుంది? కుంచె ఆవిడ చేతికిచ్చి, మూతి కిందికి పెట్టి ఎలా దులపాలో చూపించాడు. సబ్బు సంగతి, స్పిరిట్ సంగతి మళ్లీ చెప్పాడు. అవి కొన్ని వందలసార్లు విన్న మాటలే అయినా ఆవిడ తల ఊపుతూ విన్నది.

చీటీల దగ్గరికి వచ్చేసరికి, "సంతకం?" అంది.

"విన్నవాళ్లదే."

తన చీటీలు చింపేశాడు. ఆవిడ పద్నాలుగు కొత్త చీటీలు రాసింది.

పెద్దయజమాని కూతురే ఇప్పటి యజమానురాలు. బాబాయి చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "డాక్టరుకు చూపించుకోండి బాబాయ్ గారూ. ఉద్యోగానికేం? వినడం ఆవిడ వింటుంది, కడగడం మీరు కడగండి. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

"వినడానికేనమ్మా కడిగేది," అన్నాడాయన. "వినలేనివాణ్ణి, రేపటి నుంచి రాను. ఆవిణ్ణి మళ్లీ కచేరీలకు పంపండి. పొద్దున గది చూసుకుంటుంది, సాయంత్రం వెళుతుంది. ఆ తప్పు నాది."

యజమానురాలు సరేనంది. ఇంకేమైనా కావాలా అని అడిగింది. దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

పైకొచ్చి తన రెండు బుడిపెలూ కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించాడు. అవి పూర్తిగా ఆరడానికి గంట పడుతుంది. తడివి డబ్బాలో పెట్టకూడదు. రోజూ ఆ గంటా ఆయన కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఇవాళ కూర్చోబుద్ధి కాలేదు. తెరవని అన్నం డబ్బా సంచిలో వేసుకున్నాడు. వచ్చే వారం ఊరికి వెళ్లాలంటే ఇప్పుడు ఏ సాకు చెప్పాలి? గుండ్రాయిలా ఉన్న మనిషిని ఊరికే చూడబుద్ధయింది అంటే అక్కయ్య నవ్వుతుంది. ఇంట్లో తన గది గుర్తొచ్చింది. అక్కడ ఎడమవైపూ కుడివైపూ వినడానికి ఏమీ లేదు.

డబ్బాలు సర్దడం ముగించిన వదిన గోడకు ఆనుకుని నిలబడింది. బాబాయి ఆవిడకు తల ఊపి, చెప్పులు తొడుక్కుని, గోడ పక్కనుంచి మెట్ల వైపు నడిచాడు. కింద వ్యాను ఇంజను మొదలైంది. వదిన బల్ల వైపు చూసింది.

"అన్నయ్యా, నీ బుడిపెలు ఇంకా ఆరలేదు," అంది.

ఆవిడ ఆయనకు ఎడమవైపున ఉంది. బాబాయి ఆగలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, వ్యాను పక్కనుంచి వీధిలోకి వెళ్లిపోయాడు. వదిన మెట్ల దాకా వెళ్లి, రెండోసారి పిలవడానికి తెరిచిన నోరు మూసుకుని, వెనక్కి వచ్చింది.

తెల్లగుడ్డ మీద రెండు బుడిపెలు బోర్లా ఉన్నాయి. ఎర్రచుక్కది ఆరింది. నీలం చుక్కదాని కింద ఇంకా కాస్త తడి ఉంది.